పత్రసంఖ్యయు స్లైడుసంఖ్యయు

గ్రంథమునందలి విషయము చదువరి బుద్ధికిఁ జేరుటకు అక్షరము సాధనము. చదివిన విషయమును మరల వెదకి పట్టుకొనుటకు సంఖ్య సాధనము. అక్షరమును గూర్చి పండితులు విశేషముగా విచారించిరి గాని, పుట మూలనుండు అంకెను గూర్చిన విచారము మిక్కిలి యల్పము. అది వ్రాయసకాని పనియనియో, ముద్రాపకుని పనియనియో తలఁచి విడుచుట వాడుక. అయినను ప్రమాణము చూపవలసిన చోట నెల్ల పండితుఁ డాశ్రయించునది యా యంకెనే.

ఇప్పుడు పాఠశాలలలోను, సాహిత్యసభలలోను, పరిశోధన గోష్ఠులలోను కాగితమునకు మారుగా తెరపై వెలుఁగు పుటలను చూపు నాచారము వ్యాపించినది. ఈ పుటలకు స్లైడులని పేరు. వీనిని కూర్చు కంప్యూటరు సాధనములలో పవర్‌పాయింట్ మిక్కిలి ప్రసిద్ధము. ఈ స్లైడుల మూలనుండు సంఖ్య యెట్లు పుట్టును, దాని రూపమును, స్థానమును, ఆరంభమును ఎట్లు మార్చుకొనవలయును, తాళపత్రసంఖ్యకంటె నది యే విషయమున భిన్నము అను నంశములు, ఖమ్మము మొదలు భద్రాచలము వఱకుఁ గల యడవి సరిహద్దు ప్రాంతపు దృష్టాంతములతో నిట వివరింపఁబడుచున్నవి.

సంఖ్య లేని వరుస

బొమ్మను చూపుచు కథ చెప్పుట తెలుఁగుదేశమునకుఁ గ్రొత్తగాదు. గోదావరికి ఇరుప్రక్కల నుండు అడవులలో నివసించు కోయలలో డోలివారను కథకులు గలరు. వారు పడిగె యను త్రికోణాకారపు వస్త్రమును ఎదుట నుంచుకొని, దాని మీఁది బొమ్మల నాధారముగాఁ గొని వంశకథలను పాడుదురు. చేర్యాల నకాషీ చిత్రకారులు వ్రాయు పటములలోఁ గులపురాణములు పొడవైన యొకే గుడ్డపై అరలు అరలుగా చిత్రింపఁబడును. కథకుఁడు పటమును విప్పుచుఁ గథ నడపును.

ఈ రెంటియందును బొమ్మలకు వరుససంఖ్య యక్కఱ లేదు. గుడ్డ యొక్కటియే యగుటచే ఒక బొమ్మ మఱియొక బొమ్మ చోటికిఁ బోఁజాలదు. వరుసను గుడ్డ కాపాడును. గుడ్డకు మించినదానిని కథకుని ధారణ కాపాడును. విడివిడిగా నుండు పత్రములు వచ్చినప్పుడే సంఖ్య యవసర మైనది.

తాళపత్రసంఖ్య

తాళపత్ర గ్రంథమున ఆకులు వేఱువేఱుగా నుండును. ఆకులలో రంధ్రములు చేసి, సూత్రమును గ్రుచ్చి, మీఁదను క్రిందను పలకల నుంచి కట్టుదురు. సూత్రము తెగినచో గ్రంథము చెదరును. చెదరిన యాకులను మరల వరుసఁ గూర్చుటకే లేఖకుఁడు ప్రతి పత్రమునందును గంటముతో నొక యంకె గీయుచు వచ్చెను. దక్షిణదేశమున నీ యంకెను సాధారణముగా పత్రముయొక్క మొదటి పుట మీఁద, ఎడమ యంచున వ్రాయుదురు. లెక్కింపఁబడునది పుట కాదు, పత్రము. కావుననే వ్రాఁతప్రతులను గూర్చి వ్రాయువారు పత్రసంఖ్యను జెప్పి, మొదటి పుటయో రెండవ పుటయో వేఱుగాఁ దెలుపుదురు.

ఈ సంఖ్యయందు గమనింపవలసిన గుణ మొక్కటి గలదు. గంటముతో గీసిన యంకె ఆకుతోఁ బుట్టి ఆకుతో నశించును. పండ్రెండవ యాకును తీసి నలువదవ యాకు వెనుక నుంచినను దానిపై ౧౨ అనియే యుండును. వరుస తప్పినదని యా యంకెయే సాక్ష్యము చెప్పును. పదునొకండవ యాకు వెంటనే పదుమూఁడవ యాకు కనఁబడినచో నొక పత్రము లుప్తమైనదని తేలును. చార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798–1884) వంటి సంగ్రాహకులు పండితులచే పలు ప్రతులను పోల్చి చూపించి శుద్ధప్రతులు వ్రాయించినపుడు, చెదరిన గ్రంథముల విషయమున నిట్టి యంకెలే మొదటి యాధారము. ఇట్లు పత్రసంఖ్య వరుసను దెలుపుటయే కాక, వరుస చెడినపుడు చెడినదని కూడఁ దెలుపును.

స్లైడుసంఖ్య పుట్టుక

పవర్‌పాయింట్ 1987లో ఫోర్‌థాట్ అను అమెరికా సంస్థచే మాకింటోష్ కంప్యూటరుకొఱకు వెలువడెను. రాబర్ట్ గాస్కిన్స్, డెన్నిస్ ఆస్టిన్ అనువారు దానిని కల్పించిన వారిలో ముఖ్యులు. ఆ యేఁటనే మైక్రోసాఫ్ట్ సంస్థ ఫోర్‌థాట్‌ను కొనెను. తొలిరూపమున నీ సాధనము ప్రధానముగా దీపయంత్రముపై నుంచి చూపు పారదర్శకపు రేకులను సిద్ధపఱచుట కుపయోగపడెను. ఆ రేకు చేతఁ బట్టుకొనఁదగిన వస్తువు. దానిపై నచ్చువడిన యంకె తాళపత్రపు టంకెవలెనే దానితోఁ గూడ నుండెడిది. తరువాత రేకు పోయి, స్లైడు కంప్యూటరునుండి నేరుగాఁ దెరపై పడఁజొచ్చినది. అప్పుడు సంఖ్య స్వభావమే మాఱినది.

స్లైడు మూలఁ గనఁబడు సంఖ్య యెవ్వరును వ్రాసినది కాదు. కూర్పునకంతకును మూలమైన మాతృక యొకటి యుండును. దానికి 'స్లైడ్ మాస్టర్' అని పేరు. దానియందు సంఖ్య యుండవలసిన చోట కోణచిహ్నముల నడుమ నొక గుర్తు మాత్రము కనఁబడును. ఇది యంకె కాదు. అంకె కొఱకు విడిచిన గది. స్లైడు వరుసలో నెన్నవదో కంప్యూటరు లెక్కించి, చూపునపుడు ఆ గదిని నింపును. మాతృకలోని యా గుర్తును చెఱిపి, తెలియక 7 అని వ్రాసినచో స్లైడు లన్నిటిపైనను 7 అనియే కనఁబడును. నేర్చుకొనువారు చేయు పొరపాటులలో నిది తఱచైనది.

ఇందుచే భేదము స్పష్టము. పత్రసంఖ్య పత్రమునకుఁ జెందినది. స్లైడుసంఖ్య స్థానమునకుఁ జెందినది. పండ్రెండవ స్లైడును నలువదవ చోటికిఁ బంపినచో నది తక్షణమే 40 అనును; తాను పూర్వము 12గా నుంటినని చెప్పదు. ఒక స్లైడును తొలఁగించినచోఁ దరువాతివన్నియు ఒక్కొక్క మెట్టు ముందునకు జరుగును. లోప మున్నదని చూపు గుర్తు మిగులదు. కూర్చువాని కిది మహోపకారము. ప్రమాణము చూపువాని కిదియే ప్రమాదము.

రూపమును మార్చుకొను విధము

సంఖ్యను తెప్పించుటకు 'ఇన్సర్ట్' అను పట్టికలో 'స్లైడ్ నంబర్' అనుదానిని నొక్కవలయును. వచ్చిన చిన్న పలకలో 'స్లైడ్ నంబర్' ఎదుట గుర్తు పెట్టి 'అప్లై టు ఆల్' అన్నచో స్లైడు లన్నిటికిని సంఖ్య వచ్చును. ఆ పలకయందే శీర్షిక స్లైడుపై సంఖ్య చూపవలదను వికల్పము గలదు. తొలి స్లైడు శీర్షిక స్లైడు అను నమూనాతోఁ గూర్పఁబడినచో మాత్రమే యిది ఫలించును. వేఱు నమూనాతోఁ గూర్చి పెద్దయక్షరములతోఁ బేరు వ్రాసినంత మాత్రమున కంప్యూటరు దానిని శీర్షికగా నెఱుఁగదు.

అక్షరపు రకము, పరిమాణము, వర్ణము, స్థానము మార్చుటకు 'వ్యూ' పట్టికలోని 'స్లైడ్ మాస్టర్'ను దెఱవవలయును. ఎడమ వరుసలో అన్నిటికిఁ బైన నుండునది మూలమాతృక. దాని క్రింద నుండునవి నమూనాలు. మూలమాతృకలో సంఖ్యగదిని జరిపినచో నమూనాలలోను జరుగును. అయితే ఏ నమూనాలో నా గదిని విడిగా ముందే మార్చియుందురో అచ్చట మార్పు సోఁకదు. ఏ నమూనాలో గదినే చెఱిపియుందురో ఆ నమూనాతోఁ గూర్చిన స్లైడులపై సంఖ్య రానే రాదు. కొన్ని స్లైడులపై సంఖ్య కనఁబడి కొన్నిటిపైఁ గనఁబడకుండుటకుఁ గారణము తఱచుగా నిదియే. గుర్తునకు ముందు 'స్లైడు' అను మాట చేర్చుకొనవచ్చును. అట్లు చేర్చిన పిమ్మట మరల 'ఇన్సర్ట్' పట్టికకుఁ బోయి 'అప్లై టు ఆల్' అనవలయును.

ఆరంభసంఖ్యను మార్చుటకు 'డిజైన్' పట్టికలో 'స్లైడ్ సైజ్', దానిలో 'కస్టమ్ స్లైడ్ సైజ్' దెఱచి, 'నంబర్ స్లైడ్స్ ఫ్రమ్' అనుచోట కావలసిన యంకెను వేయవలయును. అచ్చట 0 వేసి, శీర్షిక స్లైడుపై సంఖ్య చూపకుండఁ జేసినచో విషయమారంభించు స్లైడు 1 అగును. ఒకే యుపన్యాసము రెండు కూర్పులుగా నుండి మొదటిది 40తో ముగిసినచో, రెండవదానిని 41తో నారంభింపవచ్చును.

మొత్తము స్లైడులలో నిది యెన్నవదో చూపుట సభాసదులకు ఉపకారము. మొత్తము సంఖ్యను తానే లెక్కించి నింపు గది పవర్‌పాయింట్‌లో లేదు. చేతితో వ్రాసినచోఁ గూర్పు మాఱినపు డెల్ల దిద్దుకొనవలయును. ఉచితముగా దొరకు లిబ్రెఆఫీస్‌లోని ఇంప్రెస్ అను సాధనమున మాత్రము స్లైడుసంఖ్యకును, మొత్తము సంఖ్యకును రెండు గదులు గలవు.

స్థానము, పరిమాణము

సాధారణపు మాతృకలో సంఖ్య 12 పాయింట్ల యక్షరముతో, బూడిదవన్నెతో, కుడివైపు క్రింది మూలనుండును. కంప్యూటరునెదుటఁ గూర్చుండువాని కది చాలును. అడవి గ్రామపు పాఠశాలలో గోడపైఁ గట్టిన తెల్లగుడ్డయే తెర యైనపుడు, నేలపై బాలురు కూర్చుండియుండఁగా, ముందువారి తలలు తెర క్రింది యంచును మఱుఁగుపఱచును. అట్టిచోట సంఖ్యను కుడివైపు పై మూలకుఁ జేర్చి, 18 లేక 20 పాయింట్లకుఁ బెంచుట మేలు. లేఁతబూడిదను విడిచి, వెనుకటి రంగునకు స్పష్టముగా వేఱుపడు వన్నెను గ్రహింపవలయును.

అయితే సంఖ్య ప్రస్ఫుటముగా నుండవలయునే గాని విషయముతోఁ గలిసిపోఁగూడదు. భద్రాచలమున గోదావరి నీటిమట్టము 43 అడుగులకుఁ జేరినపుడు మొదటి ప్రమాద హెచ్చరికయు, 48 అడుగులకు రెండవదియు, 53 అడుగులకు మూఁడవదియు నీయఁబడును. 1986లో మట్టము 75.6 అడుగులకును, 2022లో 71.3 అడుగులకును వచ్చెను. ఈ యంకెలను జూపు స్లైడు వరుసలో 48వది యైనదనుకొనుఁడు. మూల నదే పరిమాణముతో, అదే వన్నెతో 48 అని యున్నచో బాలుఁడు దానిని నీటిమట్టముగాఁ జదువును. విషయపు టంకెలకు ఒక రీతియు, స్థానపు టంకెలకు వేఱొక రీతియు నుండవలెననుటకు నిది చాలిన నిదర్శనము.

శతకబోధనయందును నిట్టి చిక్కే కలుగును. నేలకొండపల్లిలో జన్మించి, పాల్వంచ పరగణా తహశీలుదారుగాఁ బనిచేసి, భద్రాచల రామదాసుగాఁ బ్రసిద్ధి కెక్కిన కంచెర్ల గోపన్న రచించిన దాశరథీ శతకమును స్లైడుకొక పద్యము చొప్పునఁ గూర్చినారనుకొనుఁడు. శీర్షికయు, కవిపరిచయమును ముందుండుటచే మొదటి పద్యము మూఁడవ స్లైడుపైఁ బడును. ఉపాధ్యాయుఁడు పదవ పద్య మనఁగా విద్యార్థి పదవ స్లైడును వ్రాసికొనును. శతకపద్యములు ముక్తకములగుటచే అర్థసందర్భమునుబట్టి వరుసను గుర్తించుట సాధ్యముగాదు; సంఖ్యయే గతి. కావున పద్యసంఖ్యను పద్యము చివర వ్రాసి, స్లైడుసంఖ్యకు ముందు 'స్లైడు' అను మాటను జేర్చుట యవసరము.

తెలుఁగు టంకెలు

తెలుఁగు వ్యాసమునకు స్లైడులు కూర్చువారు సంఖ్యలు కూడఁ దెలుఁగు టంకెలతో నుండవలెనని కోరుట సహజము. యూనికోడ్‌నందు ౦ మొదలు ౯ వఱకుఁ గల యంకెలకు వేఱు స్థానములు గలవు. 2008లో వెలువడిన 5.1 కూర్పున తెలుఁగు భిన్నాంక చిహ్నములు కూడఁ జేరినవి. వానిని చేతితో వ్రాయుటకు నాటంక మేమియు లేదు. అయితే పవర్‌పాయింట్ తన గదిని నింపునపుడు తెలుఁగు కూర్పునందును 1, 2, 3 అను అంతర్జాతీయ రూపమునే వాడును. అక్షరపు రకమును తెలుఁగునకు మార్చినంత మాత్రమున నవి తెలుఁగు టంకెలు గావు. 1, 2, 3ల స్థానములలోనే తెలుఁగు టంకెల రూపములను జిత్రించిన పాతరకపు అక్షరములను వాడినచో కంటికిఁ దెలుఁగు టంకె కనఁబడును గాని, ఆ యక్షరములు లేని మఱియొక కంప్యూటరునందు దెఱచినపుడు మరల 1, 2, 3 అనియే యగును.

ఇంకొక సంగతి. రాజ్యాంగపు 343వ అధికరణము కేంద్రప్రభుత్వ వ్యవహారములకు భారతీయాంకెల అంతర్జాతీయ రూపమును నిర్ణయించినది. పాఠశాలలయందును ఆ రూపమే వాడుకయైనందున, నేఁటి విద్యార్థులలోఁ బెక్కుమంది తెలుఁగు టంకెలను జదువలేరు. తెలుఁగు సున్న పూర్ణానుస్వారమును బోలియుండుటయు వారికొక చిక్కు. ఉపన్యాసము నడుచుచుండఁగా 'ఇరువదియేడవ స్లైడు' అన్నపుడు చూచిన వెంటనే పోల్చుకొనఁదగిన రూపమే మేలైనది.

ఇట్లనుటచే తెలుఁగు టంకెకు స్లైడుపైఁ జోటు లేదని కాదు. చేతితో వ్రాసిన తెలుఁగు టంకె స్లైడు స్థానము మాఱినను తాను మాఱదు. అనఁగా నది తాళపత్రసంఖ్య గుణమునే కలిగియున్నది. ఈ గుణమును లోపముగాఁ దలఁపక ప్రయోజనముగా గ్రహింపవచ్చును.

ప్రమాణరక్ష

పరిశోధన గోష్ఠిలో నొక శాసనముయొక్కయో, వ్రాఁతప్రతియొక్కయో ఛాయాచిత్రము 14వ స్లైడుపైఁ జూపఁబడినది. వినినవారు 14 అని వ్రాసికొనిరి. ఇంటికిఁ బోయిన పిమ్మట ఉపన్యాసకుఁడు ముందు రెండు స్లైడులు చేర్చెను. తరువాత కూర్పును దెప్పించుకొన్న పండితునకు 14వ చోట వేఱొక చిత్రము కనఁబడును. ఉపన్యాసకుఁడు చెప్పినదియు సత్యమే, విన్నవాఁడు వ్రాసికొన్నదియు సత్యమే; ఐనను ప్రమాణము తప్పినది. దాఁచిన స్లైడుల వలనను నిట్టి సందేహమే పుట్టును. 'హైడ్ స్లైడ్' అని దాఁచిన స్లైడు తెరపై రాదు గాని లెక్కలోఁ జేరును. సభవారు 4 తరువాత 6ను జూచి, 5 ఏమైనదని సంశయింతురు.

స్థానమునుబట్టి వచ్చిన గుర్తు కాలముతోఁ గూడినపుడే నిలుచు ననుటకు ఈ ప్రాంతచరిత్రయే దృష్టాంతము. భద్రాచలము 1959 వఱకుఁ దూర్పుగోదావరి జిల్లాలో నుండి, ఆ యేఁట ఖమ్మము జిల్లాలోఁ జేరెను. 2014లో పోలవరము ముంపు కారణముగా ఖమ్మము జిల్లాలోని యేడు మండలములకుఁ జెందిన ప్రాంతము ఆంధ్రప్రదేశమునకుఁ బోఁగా, భద్రాచలము పట్టణము తెలంగాణమున నిలిచెను. 2016 అక్టోబరు 11న నేర్పడిన భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో నా పట్టణము చేరెను. ఆలయము కదలలేదు, గోదావరి కదలలేదు; జిల్లా పేరు మాత్రము మాఱినది. పాత పుస్తకమున 'తూర్పుగోదావరి జిల్లా భద్రాచలము' అని చూచినవాఁడు గ్రంథకర్త తప్పనఁడు. పుస్తకపు సంవత్సరమును జూచును. స్లైడుసంఖ్య విషయమునను నదియే న్యాయము.

కావున ప్రమాణము కాఁదగిన కూర్పునకు మూఁడు నియమములు చాలును. మొదటిది: శీర్షిక స్లైడుపై సభ జరిగిన తేదీని వ్రాయుట. రెండవది: సభలోఁ జూపిన కూర్పును ఆ నాఁటి వరుసతోనే పీడీఎఫ్‌గా మార్చి వేఱుగా భద్రపఱచుట. ఆ రూపమున సంఖ్య స్థిరపడును. అక్షరములు కూడ మాఱవు. తరువాతి మార్పులు మూలకూర్పునకుఁ జెల్లును గాని దానికిఁ జెల్లవు. మూఁడవది: ఛాయాచిత్రము, శాసనపాఠము, పద్యము మొదలగు నాధారములుగల స్లైడులకు స్థిరమైన గుర్తు నొకదానిని చేతితో వ్రాయుట. దీనికిఁ దెలుఁగు టంకెలు తగినవి. ఎడమవైపు క్రింది మూల చిన్న యక్షరములతో 'పత్రము ౧౨' అనియు, కుడివైపు పై మూల కంప్యూటరు లెక్కించిన 'స్లైడు 14' అనియు నుండును. సభలోఁ బిలుచుటకుఁ గుడివైపు సంఖ్య. గ్రంథమున నుదాహరించుటకు నెడమవైపు సంఖ్య. రెండంకెల రూపములు వేఱగుటచే ఒకదానిని జూచి మఱియొకటి యను భ్రాంతి కలుగదు. ఈ సంకేతమును శీర్షిక తరువాతి స్లైడుపై నొక వాక్యముతోఁ దెలిపినఁ జాలును.

ఈ స్థిరసంఖ్యను ఒకసారి యిచ్చిన పిమ్మట మార్చఁగూడదు. స్లైడు తొలఁగింపఁబడినచో దాని సంఖ్యను మఱియొకదాని కీయఁగూడదు. అప్పుడు పదునొకండు, పదుమూఁడు మాత్రమే కనఁబడుచుండఁగాఁ జూచువాఁడు పండ్రెండు లోపించినదని గ్రహించి, దాని కొఱకు వెనుకటి కూర్పులను వెదకును. తాళపత్రములను వరుసఁ గూర్చు పండితుఁడు చేసినది నిదియే.

వరుసను కంప్యూటరు చక్కఁగా లెక్కింపఁగలదు. ఏ యాధార మేది యనుటను మాత్రము కూర్చినవాఁడే నిర్ణయించి తన చేతితో వ్రాయవలసియున్నది.